ఎవరికి ఏ ప్రేమ నవల ఇవ్వాలి?

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. హాస్టల్లో అమ్మాయిలంతా "ఓ మంచి లవ్ స్టోరీ చెప్పవే" అని నీ వెంట పడుతున్నారనీ, నువ్వు పది పేర్లు పంపితే ఒక్కరూ ఒక్క పుస్తకమైనా పూర్తి చేయలేదనీ రాశావు. పైగా ఆఫీసులో ఎవరో నీ చేతిలో పుస్తకం అట్ట చూసి "ఇంకా ఇవే చదువుతున్నావా" అని నవ్వాడట. ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదని ఉత్తరం మొదలుపెట్టాను. నా ఉద్యోగమంతా శాఖా గ్రంథాలయం కౌంటరు వెనకాలే గడిచింది కదా, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కొన్ని నీకు నచ్చకపోయినా నచ్చకపోవచ్చు.

ముందు ఆ నవ్వినవాడి సంగతి. ప్రేమ నవలలు చదివేవాళ్ళని చూసి నవ్వడం ఇవాళ పుట్టింది కాదు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడూ నవ్వారు, అది పుస్తకమై ముద్రణ మీద ముద్రణ పడుతున్నప్పుడూ నవ్వారు. మా లైబ్రరీ కాపీ నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయింది. కాలికో బైండు, వెన్ను మీద నల్ల సిరాతో పేరు. లోపల గడువు తేదీల చీటీ నిండిపోతే దాని మీదే ఇంకోటి అంటించేవాళ్ళం. అంటించీ అంటించీ ఆ పేజీ అట్టంత మందమైపోయింది. పేజీల మూలల్లో పసుపు మరకలు, ఒకచోట పోపు నూనె చుక్క. పొయ్యి దగ్గర నిలబడి ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివిన కాపీ అది. "మా ఆవిడ కోసమండీ" అని తీసుకెళ్ళిన మగవాళ్ళు వాపసు ఇస్తూ "ఈవిడవి ఇంకేమైనా ఉన్నాయా" అని ఆరా తీసేవాళ్ళు. ఆవిడ కోసమే అని నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని.

కాబట్టి అట్ట దాచుకోకు. ఆ మనిషికి జవాబు కూడా చెప్పకు. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడిగితే మాత్రం ఎమిలీ హెన్రీ రాసిన 'బీచ్ రీడ్' చేతిలో పెట్టు. 2020లో వచ్చింది. అందులో నాయిక ప్రేమ నవలలు రాస్తుంది, నాయకుడు గంభీరమైన సాహిత్యం రాస్తాడు. ఒక వేసవికి ఒకరి రకం పుస్తకం ఇంకొకరు రాయాలని పందెం వేసుకుంటారు. ఎవరి పని తేలికో పందెం మొదలయ్యాక తెలుస్తుంది వాళ్ళకి. నవ్విస్తుంది, మధ్యలో నాయిక తండ్రి పోయిన దుఃఖం దగ్గర కాస్త కూర్చోబెడుతుంది కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రేమ నవల ఇచ్చేవాళ్ళు చదివేవాళ్ళకి ఒక మాట ఇచ్చినట్టు. కథలో ఎన్ని కష్టాలు పడినా చివరికి ఆ ఇద్దరూ ఒకటవుతారు, పుస్తకం మూసేసరికి మనసు తేలికపడుతుంది అని. అమెరికాలో ప్రేమ నవలా రచయిత్రుల సంఘం ఒకటి 1980లో మొదలైంది. వాళ్ళు పెట్టుకున్న నిర్వచనంలో ఉన్నవి రెండే అంశాలు: కథకి ప్రేమే కేంద్రం కావాలి, ముగింపు తృప్తినీ ఆశనీ ఇవ్వాలి. ఈ రెండోది లేని పుస్తకం ఎంత గొప్పదైనా సరే, ప్రేమ నవల అని చెప్పి ఇవ్వకూడదు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' ఒక తరాన్ని ఊపేసింది. జోజో మోయ్స్ 'మీ బిఫోర్ యు' కూడా అంతే, 2012లో వచ్చి లోకమంతా తిరిగింది. రెండూ చదవాల్సినవే. కానీ బ్రేకప్ అయ్యి నెల తిరక్కుండా వచ్చిన పిల్లకి, "ఏదైనా హాయిగా ఉండేది ఇవ్వవే" అన్నదానికి, వీటిలో ఏదిచ్చినా మళ్ళీ నీ దగ్గరికి రాదు. "ముగింపు ఏడిపిస్తుంది, సరేనా?" అని ఒక్క ముక్క ముందే అనేస్తే చాలు. కథ చెప్పేసినట్టూ కాదు, దాచినట్టూ కాదు.

ముగింపు ముందే తెలిస్తే చదవడానికేముంది అనేవాళ్ళు ఉంటారు. సీతారామ కల్యాణం ఎలా ముగుస్తుందో తెలియకనా ఏటేటా పందిట్లో కూర్చుంటున్నాం?

ఇంకో పుస్తకం గురించి కాస్త విడిగా రాయాలి, ఎందుకంటే నీ పది పేర్లలో అది మొదటిది. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అజ్'. 2016లో అచ్చయింది, 2024లో సినిమా కూడా వచ్చింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఈవిడ పుస్తకాలు దొంగ ముద్రణలు కుప్పలు పోసి అమ్ముతారని నువ్వే చెప్పావు. అట్ట మీద పువ్వులు. లోపల బోస్టన్లో పూల దుకాణం పెట్టుకున్న అమ్మాయి, చూడచక్కని న్యూరోసర్జన్. మొదటి వంద పేజీలు చదివి ఇది తియ్యటి ప్రేమకథ అనుకోని వాళ్ళుండరు. తర్వాత అతను కొడతాడు. కొట్టి ఏడుస్తాడు, క్షమించమంటాడు, మళ్ళీ కొడతాడు. రచయిత్రి తన తల్లి పడ్డ బాధల్లోంచి రాసిన పుస్తకం అది, అందుకే ఆ ఇంట్లో గొడవలు అంత నిజంగా ఉంటాయి. ప్రేమించినవాణ్ణి వదిలి రావడం ఎందుకంత కష్టమో ఆ నవల చదివితే అర్థమవుతుంది. అంతవరకు నాకు దాని మీద గౌరవమే. అయితే అది హాయిగా నిద్రపుచ్చే పుస్తకం కాదు, పూల అట్ట చూసి ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేది అసలే కాదు. మీ హాస్టల్లో ముప్పై మంది ఉంటే, అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల ఒకతైనా ఉండదా? ఆమె నీకు చెప్పదు. "ఇందులో మొగుడు కొడతాడే, చదవగలవా?" అని ఇచ్చేముందే అడుగు. వద్దంటే ఎందుకని అడక్కు. కావాలంటే ఇవ్వు. అలాంటి పుస్తకం కోసమే ఎదురుచూస్తున్నవాళ్ళూ ఉంటారు.

పది పేర్లు పంపడం దగ్గరే నీ పని చెడిందని నా ఉద్దేశం. ఆకలితో వచ్చినవాడికి పెళ్ళి భోజనం పట్టీ చదివి వినిపించినట్టుంటుంది. ఒక్క పుస్తకం చెప్పు. అది నువ్వు చదివినదై ఉండాలి. యాప్‌లో ఎన్ని చుక్కలున్నాయో నాకు చెప్పకు, ఆ చుక్కలు వేసినవాళ్ళెవరూ మీ హాస్టల్లో లేరు.

ఆ ఒక్కటీ ఏదో ఎలా తెలుస్తుందంటే, అడగాలి. "నీకెలాంటివి ఇష్టం?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, నోటికొచ్చిన పేరేదో చెబుతారు. "ఈమధ్య తెల్లవార్లూ కూర్చుని పూర్తి చేసింది ఏది? చిరాకేసి పక్కన పడేసింది ఏది?" అని అడుగు. రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే ఎక్కువ సరుకుంటుంది. "హీరో దాన్ని అందరి ముందూ తిట్టాడు, అక్కడ మూసేశాను" అందనుకో, ఆమెకేం ఇవ్వకూడదో తెలిసిపోయినట్టే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదులే. జానిస్ రాడ్వే అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో 'రీడింగ్ ద రొమాన్స్' అని ఒక పుస్తకం వేసింది. ఒక ఊళ్ళో పుస్తకాల షాపులో పనిచేసే ఆవిడ, ఆవిడ సలహా మీద ప్రేమ నవలలు కొనుక్కునే ఆడవాళ్ళు, వాళ్ళ గురించి ఆ పుస్తకం. ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చి రాసింది. షాపావిడకి డాట్ అని పేరు పెట్టింది. కొత్తగా వచ్చిన నవలలన్నీ చదివి, ఏది కొనొచ్చో ఏది డబ్బు దండగో డాట్ ఒక చిన్న పత్రికలా రాసి పంచేది. ఆమె మాట మీద నమ్మకంతో షాపుకొచ్చేవాళ్ళు. అందులో ఎక్కువమంది ఇల్లూ పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళే. ఇంట్లో అందరి పనీ చూసే తమకి, తమ కోసమంటూ మిగిలే కాస్త సమయం ఈ చదువే అని చెప్పారట. క్రూరమైన నాయకుణ్ణీ, విషాదాంతాన్నీ సహించేవాళ్ళు కాదు. కొందరైతే కొనేముందే చివరి పేజీలు తిరగేసి చూసుకునేవాళ్ళు. అంత తెలివైన పాఠకులని అమాయకులనుకున్న పండితులు చాలామందే ఉన్నారు.

పడకగది సంగతి కూడా రాసేస్తాను. అత్త ఇలా రాస్తుందేమిటని కంగారు పడకు, నా వయసుకి సిగ్గేమిటి. ఈనాటి ఇంగ్లీషు ప్రేమ నవలల్లో కొన్ని తలుపు దగ్గరే ఆగిపోతాయి, కొన్ని లోపలికి తీసుకెళ్ళి అన్నీ వివరంగా చూపిస్తాయి. రెంటికీ చదివేవాళ్ళున్నారు. ఇచ్చేటప్పుడు ఏది ఏదో చెప్పడం నీ బాధ్యత. హెలెన్ హోయాంగ్ 'ది కిస్ కోషెంట్' 2018లో వచ్చింది. నాయిక స్టెల్లాకి ఆటిజం ఉంది, లెక్కల్లో దిట్ట, మనుషుల దగ్గరే ఇబ్బంది. రచయిత్రికీ పెద్దయ్యాకే ఆటిజం అని తేలింది, అందుకేనేమో స్టెల్లా మీద జాలి ఎక్కడా కనిపించదు. చాలా మంచి పుస్తకం. కానీ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. టాలియా హిబ్బర్ట్ 'గెట్ ఎ లైఫ్, క్లోయీ బ్రౌన్' కూడా ఆ కోవలోదే. ఆ నాయికకి ఒళ్ళంతా నొప్పులు పెట్టే దీర్ఘవ్యాధి. నొప్పి ఉన్న రోజున మనిషి ఎలా ఉంటుందో, పక్కనున్నవాడు ఏం చేస్తే బావుంటుందో అంత ఒద్దికగా రాసినవాళ్ళు తక్కువ. ఆ సంగతులు ముందే చెప్పి ఇస్తే ఇబ్బందేముంది? చెప్పకుండా ఇచ్చి, ఆ పిల్ల మెట్రోలో పక్కావిడ తొంగి చూస్తుండగా ఆ పేజీకి చేరిందనుకో, తిట్లు నీకే.

మన వాతావరణం కావాలని అడిగేవాళ్ళకి సోనాలీ దేవ్ రాసిన 'ఎ బాలీవుడ్ ఎఫైర్' ఉంది. రాజస్థాన్లో నాలుగేళ్ళకే పెళ్ళి చేసేసిన పిల్ల పెద్దయ్యి, చదువు కోసం అమెరికా వెళ్తుంది. తెలుగులో కావాలంటే ఇప్పుడు పుస్తకాల షాపుల్లో కొత్త ప్రేమ నవలలు తక్కువే. ఎక్కువగా ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలు భాగాలుగా వస్తున్నాయి. రేపటి భాగం కోసం ఎదురుచూడటం చూస్తే వారపత్రికల రోజులు గుర్తొస్తాయి. అందులో తాలూ ఉంది, గింజా ఉంది. నువ్వు జల్లెడ పట్టి నాలుగు గింజలు ఏరి పెట్టగలిగితే ఇంగ్లీషు రాని నీ స్నేహితురాళ్ళకి పెద్ద సాయం.

నీ చదువు గురించి కూడా ఒక మాట. నాయకుడు ప్రేమగా ఉన్నప్పుడు ఎలా ఉంటాడన్నది ఎవరైనా రాస్తారు. కోపం వచ్చినప్పుడు ఏం చేస్తాడో చూడు. 'సెక్రటరీ'లో రాజశేఖరం మా తరానికి కలల రాకుమారుడు. ఇవాళ చదివితే, కొలువిచ్చిన యజమాని ఆ అమ్మాయి మీద చూపించే చనువు నీకు ఇబ్బందిగానే అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కానీ జయంతి ఆత్మాభిమానం మాత్రం అరవయ్యేళ్ళైనా వాడలేదు. నచ్చని చోట ఊరుకోదు. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, రెండూ చెప్పే ఇవ్వు. సులోచనారాణి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారని వార్త వచ్చినప్పుడు, ఎప్పుడో పెళ్ళిళ్ళై వెళ్ళిపోయిన పాత పాఠకులు నాకు ఫోన్లు చేశారు. నవ్వినవాళ్ళెవరూ చేయలేదు.

ఇంకో సంగతి. ఇచ్చిన పుస్తకం ఎలా ఉందని వెంటపడి అడక్కు. నచ్చితే వాళ్ళే వచ్చి చెబుతారు, నచ్చకపోతే నీ మొహం చూసి అబద్ధమాడతారు. పుస్తకం తిరిగొచ్చినప్పుడు గుర్తు కాయితం ఎక్కడుందో చూసుకో, చాలు.

మీ అమ్మ కూడా చదువుతానందని రాశావు. దానికి మాత్రం ఇంగ్లీషు నవలలేవీ మొదట ఇవ్వకు. పెళ్ళికి ముందు అది సులోచనారాణి నవల 'మీనా' ఎన్నిసార్లు చదివిందో నాకు తెలుసు, ఆ తర్వాత ఏ పుస్తకమూ ముట్టడానికి తీరిక దొరకలేదన్నదీ తెలుసు. ఈ పండక్కి వెళ్ళేటప్పుడు 'మీనా' కొత్త కాపీ ఒకటి కొని తీసుకెళ్ళు. ఇచ్చాక ఆ రెండ్రోజులూ వంట నువ్వు చెయ్యి.

ఇట్లు,
మీ అత్త