ఎం14కి స్కోపు: పనంతా ఎడమ గోడ దగ్గరే

పోలీసు స్టేషన్ సెంట్రీ చేతిలో ఎస్ఎల్ఆర్ చూసిన వాళ్లు మనలో చాలామందే ఉంటారు. బెల్జియం వాళ్ల ఎఫ్ఏఎల్‌ను చూసి ఇషాపూర్‌లో చేసిన రైఫిలు అది. దానికి అమెరికాలో వరసైనది ఎం14. రెండూ 7.62×51 మి.మీ. తూటానే తింటాయి, రెండూ భుజాన్ని గట్టిగా తన్నుతాయి. ఇలాంటి పెద్ద తూటా సైనిక రైఫిళ్లనే బ్యాటిల్ రైఫిళ్లంటారు. వీటికి స్కోపు బిగించడం వేటగాడి బోల్టు రైఫిలుకు బిగించినంత తేలిక కాదు. ఇవి ప్రధానంగా ఇనప సైట్ల కోసం పుట్టినవి.

ఎఫ్ఏఎల్ పైభాగం పల్చటి రేకు మూత. స్కోపు పెట్టాలంటే ఆ మూతనే మార్చి బరువైనది వేయాలి. బ్రిటిష్ సైన్యం తన ఎల్1ఏ1 మీద సూట్ అనే నాలుగు రెట్ల స్కోపును అలాగే పెట్టుకుంది. జర్మన్ జీ3కి గోళ్లలా పట్టుకునే క్లా మౌంటు (మౌంటంటే స్కోపును రైఫిలు మీద మోసే ముక్క) కావాలి. ఎం14 తీరు వేరు. దాని నెత్తి తెరిచి ఉంటుంది, ఖాళీ తూటాలు పైకీ కుడికీ ఎగురుతాయి, కుడి పక్క ఆపరేటింగ్ రాడ్ ముందుకూ వెనక్కూ ఉరుకుతుంటుంది. మిగిలింది రిసీవరు (బోల్టు కదిలే ఇనప పెట్టె) ఎడమ గోడ. అక్కడ మరలు కోసిన ఒక రంధ్రం, నిలువుగా అడ్డంగా రెండు గాడులు ఇచ్చి వదిలేశారు. 1969 నుంచి వియత్నాంలో వాడిన ఎం21 స్నైపర్ రైఫిలు కూడా, జేమ్స్ లెదర్‌వుడ్ తయారుచేసిన 3-9 రెట్ల స్కోపును ఆ రంధ్రం ఆధారంగానే మోసింది.

అందుకే నా లెక్కలో ఈ పనిలో ముప్పాతిక వంతు మౌంటును రిసీవరుకు కుదర్చడమే. స్కోపు మీద లక్షలు పోసి మౌంటు దగ్గర పీనాసితనం చూపించే వాళ్లను చూస్తే జాలేస్తుంది.

మన దేశంలో ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిలు మామూలు లైసెన్సుకు అందదు. కాబట్టి ఇక్కడ చెప్పేది అమెరికాలో పౌరులు కొనుక్కునే ఎం1ఏ గురించి. ఇలినాయ్ రాష్ట్రంలోని జెనీసియో ఊళ్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ కంపెనీ చేసే రైఫిలు అది. ఎం14కి అచ్చుగుద్దిన పౌర రూపం.

మొదట మేగజీన్ తీసెయ్యాలి. బోల్టు వెనక్కి లాగి నిలిపి, ఛాంబరులోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, లోపల తూటా లేదని తేల్చుకోవాలి. పని చేసే గదిలో తూటాలు ఉంచనే కూడదు. యంత్ర భాగాన్ని చెక్క బట్ నుంచి ఊడదీయాలన్న సరదా పుడితే దాన్ని అణచుకోవాలి. ఈ రైఫిలు గురి చాలావరకు ఆ రెండూ ఎంత బిగువుగా కూర్చున్నాయన్న దాని మీదే ఉంటుంది. తీసి పెట్టిన ప్రతిసారీ ఆ కూర్పు కాస్త అరుగుతుంది. మౌంటుకు ఆ అవసరమే లేదు.

మౌంట్లు రెండు రకాలు. ఒకటి పక్క రంధ్రంలో పెద్ద స్క్రూతో మాత్రమే నిలిచేది. తీయడం, పెట్టడం సులువు. రెండోది ఆ స్క్రూతో పాటు వెనక సైటుకు ముందున్న క్లిప్ గైడ్ చోటును కూడా పట్టుకునేది. పూర్వం తూటాల క్లిప్పును నిలబెట్టి తూటాలను మేగజీన్‌లోకి నొక్కడానికి వాడిన చిన్న ముక్క అది. సన్నటి పిన్నును పంచ్‌తో కొట్టి తీస్తే పక్కకు జారి వస్తుంది. ఆ గాడిలో మౌంటుతో వచ్చిన దిమ్మ కూర్చుంటుంది. నేనైతే రెండో రకానికే ఓటేస్తాను. ఒకే చోట వేలాడే బరువు కన్నా రెండు చోట్ల ఆనిన బరువు తక్కువ కదులుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. సైన్యానికి చేసిన పాత రిసీవర్ల కొలతలకూ, బజారులో దొరికే వాటి కొలతలకూ వెంట్రుకవాసి తేడాలుంటాయి. గాడి లోతు, రంధ్రం చోటు అన్నింటిలో ఒక్కలా ఉండవు. కాబట్టి మౌంటును కుదరకుండానే స్క్రూతో లాగి బిగించేస్తే అది ఒక పక్కకు ఒరిగి, బలవంతాన నిలబడుతుంది. పైకి బిగువుగానే ఉంటుంది, కాల్చే కొద్దీ జారుతుంది. తేల్చుకోవడానికి ఒక పాత కిటుకుంది. ఆనే తలాలన్నీ అసిటోన్‌తో నూనె లేకుండా తుడిచి, రిసీవరు గాడులకు నీలి మార్కరు పూయండి. మౌంటు పెట్టి, వేళ్లతోనే స్క్రూ తిప్పి, మళ్లీ విప్పండి. నీలం ఎక్కడ చెరిగిందో అక్కడే ఇనుము ఇనుమును తాకుతోంది. ఒక మూలనే చెరిగితే ఆ మౌంటు ఈ రైఫిలుది కాదు. సన్నటి ఆకురాయితో ఎత్తుగా ఉన్న చోట కాస్త కాస్త దిద్దవచ్చు, అదీ మౌంటునే. రిసీవరును ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకూడదు. దిద్దడం చేతకాకపోతే గన్‌స్మిత్‌కు అప్పగించడమే మేలు. మౌంటు అంచు బట్ చెక్కను తాకుతోందేమో కూడా అప్పుడే చూడాలి. తాకితే వేడికీ తేమకూ చెక్క ఉబ్బినప్పుడల్లా గురి కదులుతుంది.

కుదిరిందని తేలాక స్క్రూ మరలకు నీలి రంగు లాక్‌టైట్ చుక్క వేయాలి. ఎరుపు రంగుది వేస్తే తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. రెండు చోట్ల ఆనే మౌంటయితే ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి పోకూడదు. ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో చేరాలి. చేతి అంచనా మీద ఆధారపడితే ఒకరి బిగువు ఇంకొకరికి వదులు.

స్కోపును పట్టుకునే రింగుల పని తేలిక. మౌంటు మీది పికటినీ పట్టీ అడ్డుగాడుల్లో రింగు అడ్డుబోల్టు కూర్చున్నాక, బిగించే ముందు రింగును ముందుకు, అంటే గొట్టం వైపు నెట్టి పట్టుకోవాలి. కాల్చినప్పుడు రైఫిలు వెనక్కి తన్నుతుంది, స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. రైఫిలు నుంచి చూస్తే స్కోపే ముందుకు జారబోయినట్టు. ముందే ఆనించి ఉంచితే జారడానికి చోటుండదు.

స్కోపును కింది సగం రింగుల్లో పెట్టి, పై సగాలు వదులుగా మూయండి. రైఫిలు భుజానికెత్తి కళ్లు మూసుకుని చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవాలి. నిండుగా గుండ్రంగా కనిపించే వరకు స్కోపును ముందుకూ వెనక్కూ జరపాలి. ఈ పని ఎక్కువ రెట్ల మీద పెట్టి చేయాలి, కంటి చోటు అక్కడే ఇరుకు. కంటికీ అద్దానికీ మూడు నాలుగు అంగుళాలైనా లేకపోతే కనుబొమ్మ చీలుతుంది. ఎం14 మీద ఇంకో తంటా ఉంది. స్కోపు తుపాకీ గొట్టం నుంచి రెండున్నర అంగుళాలకు పైనే ఎత్తున కూర్చుంటుంది, బట్ మాత్రం ఇనప సైట్ల ఎత్తుకు చేసింది. చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. బట్ చుట్టూ పట్టీతో కట్టే తోలు దిండు తప్పనిసరి. దీన్ని అలంకారమనుకుని వదిలేసే వాళ్ల గుళ్లే కాగితం నిండా చెల్లాచెదురవుతాయి.

ఇక నిలువు. దూరంగా మేస్త్రీ తూకపుగుండు వేలాడదీసి, రైఫిలును స్టాండు మీద సమంగా నిలిపి, స్కోపులోని నిలువు గీతను ఆ దారానికి కలపాలి. తర్వాత రింగుల స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఇక్కడ 15 నుంచి 18 అంగుళ-పౌండ్లే సాధారణం. ఎక్కువైతే స్కోపు గొట్టం నొక్కుకుపోయి లోపలి అద్దాల కదలిక పట్టేస్తుంది. చివరగా డమ్మీ తూటాలు నింపి బోల్టును చేత్తో చాలాసార్లు లాగి వదలండి. డమ్మీ తూటాలు స్కోపు అడుగుకు కొట్టుకోకుండా బయటికి పోతున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది.

ఈ రైఫిలుకు వెనక నుంచి గొట్టంలోకి కన్ను పెట్టి చూసే వీలు లేదు, రిసీవరు వెనక గోడ అడ్డం. ఛాంబరులో పెట్టే లేజరు తూటాతో మొదటి గురి చూసుకోవచ్చు. కాల్చే ముందు దాన్ని తీయడం మరవకూడదు. చాలా మౌంట్ల కింద సొరంగంలా ఖాళీ ఉంటుంది కాబట్టి, ముందే గురి కుదిరిన ఇనప సైట్లతో ఒక చుక్కను చూసి స్కోపు గీతలను అదే చుక్కకు తిప్పినా సరిపోతుంది.

రేంజిలో ముందు 25 గజాలు. ఒక్కో క్లిక్కుకు పావు మినిట్ కోణం జరిగే స్కోపయితే ఆ దూరంలో అంగుళానికి సుమారు 16 క్లిక్కులు. ఇక్కడే చాలామంది గుండును సరిగ్గా నడిచుక్కకు తెచ్చేస్తారు. స్కోపు అంత ఎత్తున ఉన్నప్పుడు ఆ సర్దుబాటుతో 100 గజాల దగ్గర గుండు బాగా పైకి పోతుంది. 147 గ్రెయిన్ల మామూలు తూటాతో 25 గజాల దగ్గర గుండు ఒకటిన్నర అంగుళం కిందకు పడనిస్తే, 100 గజాలకు దాదాపు గురి మీదే ఉంటుంది. అందుకని దగ్గర్లో కుడి ఎడమలు మాత్రం సరిచేసి, ఎత్తు లెక్కను 100 గజాల దగ్గర మూడేసి గుళ్ల గుంపులతో తేల్చాలి.

అడ్డు సర్దుబాటు ఒకే వైపు సగానికి మించి తినేస్తే స్కోపును తిట్టడం మాని మౌంటు విప్పి నీలి మార్కరు తీయండి. అంతా కుదిరాక ప్రతి స్క్రూ తల నుంచి పక్క లోహం మీదికి తెల్ల రంగుతో సన్న గీత గీసి, మొదటి రెండు పెట్టెల తూటాలు అయ్యాక టార్క్ రెంచితో ఒకసారి తిరిగి చూడాలి. గీత విరిగి కనిపించిన స్క్రూ మరలను శుభ్రంగా తుడిచి, మళ్లీ లాక్‌టైట్ వేసి బిగించి, గురి మొదటినుంచి చూసుకోవాలి.