నేలబారు రోజ్‌మేరీ రకాలు: ఎంపికలో, యాజమాన్యంలో గమనించదగిన అంశాలు

రోజ్‌మేరీ తులసి, పుదీనలు చేరిన లామియేసి కుటుంబానికి చెందిన సతత హరిత పొద. మధ్యధరా తీరం దీని జన్మస్థానం. పాఠ్యగ్రంథాలలో రోస్మారినస్ అఫిసినాలిస్‌గా కనిపించే ఈ మొక్కను 2017లో వెలువడిన వర్గీకరణ అధ్యయనం సాల్వియా ప్రజాతిలో చేర్చింది. అప్పటి నుండి సాల్వియా రోస్మారినస్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చినప్పటికీ, నర్సరీ చీటీలపై పాత పేరు ఇంకా కొనసాగుతున్నందున విద్యార్థులు రెండింటినీ గుర్తుంచుకొనక తప్పదు. నిటారు రకాలు ప్రధానంగా వంటకు, తైలానికి ఉపయోగపడగా, నేలబారు రకాలు గోడల మీదుగా జారవిడువడానికి, వాలు నేలలను కప్పడానికి వినియోగంలో ఉన్నాయి.

ప్రోస్ట్రేటస్ అనే పేరును ఒకే జన్యురూపానికి సూచికగా భావించరాదు. పాకే స్వభావం గల పలు శాఖీయ సంతతులు ఈ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కనుక ఒక తోటలో 30 సెం.మీ. ఎత్తులోనే ఆగిన మొక్క, వేరొక తోటలో అదే చీటీతో 60 సెం.మీ. దాటితే ఆశ్చర్యపడనవసరం లేదు. విత్తనపు మొక్కలలో తల్లి లక్షణాలు యథాతథంగా నిలువవు. కొమ్మ ముక్కల ద్వారానే ప్రవర్ధనం చేయాలి.

పేరు పొందిన రకాలలో హంటింగ్టన్ కార్పెట్ కాలిఫోర్నియాలోని శాన్ మరినో పట్టణంలో గల హంటింగ్టన్ ఉద్యానంతో ముడిపడినది. మొక్క మధ్యభాగం త్వరగా బోసిపోకపోవడం దీని ప్రధాన గుణం. ఐరీన్ ముదురు ఊదా నీలి పూలతో వేగంగా విస్తరిస్తుంది. పాకే రకాలలో చలిని కొంత మెరుగుగా తట్టుకుంటుంది. లాక్‌వుడ్ డి ఫారెస్ట్ శాంటా బార్బరాకు చెందిన ఉద్యాన రూపశిల్పి పేరును ధరించింది. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో నార్మన్ హాడెన్ రూపొందించిన సెవర్న్ సీ కొమ్మలు విల్లువలె వంగుతాయే గాని నేలను అంటిపెట్టుకొనవు. దానిని పచ్చని తివాచీగా నాటితే నిరాశే మిగులుతుంది.

ఈ మొక్కల యాజమాన్యంలో అత్యంత కీలకమైనది కత్తిరింపు. ముదిరి, ఆకులు రాలిన కాండంపై చిగురించగల నిద్రాణ మొగ్గలు అరుదు. పొద బోసిపోయిన తరువాత మొదలంటా నరికితే తిరిగి చిగురిస్తుందన్న ఆశ ఇతర పొదల విషయంలో చెల్లవచ్చును గాని, ఇక్కడ చెల్లదు. పూత ముగిసిన వెంటనే, ఆకులున్న భాగంలోనే, మూడవ వంతుకు మించకుండా ఏటా కత్తిరించడం శ్రేయస్కరం. త్వరగా నేల కప్పాలనే ఆతురతతో మొక్కలను మరీ దగ్గరగా నాటితే అడుగు కొమ్మలకు వెలుతురు అందక ఆకులు రాలిపోతాయి. బోసి కాండం సమస్యకు అదియే నాంది. ఒక్కొక్క మొక్క 1.2 నుండి 2.4 మీటర్ల వరకు విస్తరించగలదు కాబట్టి, మొదటి రెండు సంవత్సరాలు కనిపించే ఖాళీలను ఓర్చుకొనుటే మేలని నా అభిప్రాయం.

రోజ్‌మేరీ కరవును తట్టుకుంటుందన్న మాట నిజమే. అంచులు లోనికి ముడుచుకున్న సన్నని ఆకులు, వాటి అడుగున గల నూగు నీటి ఆవిరిని తగ్గిస్తాయి. అయితే ఈ మాటను విస్తరణ సందేశంగా యథాతథంగా అందించడం సమంజసం కాదు. మధ్యధరా ప్రాంతంలో, దక్షిణ కాలిఫోర్నియాలో వర్షం శీతాకాలపు అతిథి. వేసవి పొడిగా గడుస్తుంది. మన దక్కను పీఠభూమిలో అందుకు భిన్నంగా వేడి, తేమ, వర్షం ఒకేసారి జూన్ నుండి సెప్టెంబరు వరకు కమ్ముకుంటాయి. ఇక్కడ మొక్కను చంపేది తరచుగా ఎండ కాదు, వేరుకుళ్ళు. నల్లరేగడిలో నేరుగా నాటడం కంటె, ఇసుక, సన్న గులకరాయి కలిపిన ఎత్తు మడులలో గాని, అడుగున రంధ్రాలున్న వేలాడే కుండీలలో గాని పెంచడం ఉత్తమం. పాకే కొమ్మలు తడి నేలకు ఆనుకొని ఉంటాయి కనుక, నిటారు రకాల కంటె వీటికి మొదలు చుట్టూ గాలి ప్రసరణ మరింత అవసరం. అక్కడ ఆకు కంపోస్టు పరచక గులకరాళ్ళు పరచాలి.

వేరుపట్టుటకు పూలు లేని, పాక్షికంగా ముదిరిన కొమ్మల నుండి 8–10 సెం.మీ. ముక్కలను తీసి, అడుగు ఆకులను తొలగించి, ఇసుక అధికంగా గల మిశ్రమంలో నాటాలి. నేలకు తాకిన కొమ్మను కొద్దిగా గీరి మట్టి కప్పితే నేల అంటు కూడ లభిస్తుంది. వర్షాకాలం ఆరంభానికి ముందే ప్రతి రకానికి రెండు, మూడు మొక్కలను కుండీలలో సిద్ధంగా ఉంచుకొన్నచో, తోటలోని మొక్క నష్టపోయినా రకం చేజారదు.