వర్తమాన విషయ పరిజ్ఞానము

ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు, అందును సివిల్ సర్వీసు పరీక్షకు సిద్ధపడవలెనను కోరిక మన నగరి బాలబాలికలలో నేఁడు పెరుగుచున్నది. సంతోషమే. కాని యా పరీక్షలలో వర్తమాన విషయములను భాగ మొకటి కలదనఁగానే పిల్లలకుఁ దొందరయు, తల్లిదండ్రులకు ఖర్చును గూర్చిన భయమును గలుగుచున్నవి. నెలనెలకు వెలువడు చిన్న పుస్తకములను కొని, బహుమతు లందినవారి పేర్లును దినోత్సవముల పట్టికలును కంఠస్థము చేసినఁ జాలునని పెక్కురి యభిప్రాయము. ఆ పుస్తకములు బొత్తిగా నిష్ప్రయోజనములని మే మనము. అయినను, వార్త వెనుకనున్న పాత సంగతి తెలియక వార్తను మాత్రము వల్లించుట, పడుగు లేని మగ్గముపైఁ బేకను నేయఁబూనుట వంటిదని మా తలంపు. పడుగనఁగా నేమో, పేక యనఁగా నేమో మన యూరిలో నెవ్వరికిని వివరింపఁ బనిలేదు.

మొదట పరీక్ష సంగతి. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషను జరుపు సివిల్ సర్వీసు ప్రాథమిక పరీక్షలో జనరల్ స్టడీస్ మొదటి పత్రమునకు 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటల కాలము. ఆ పత్రపు పాఠ్యప్రణాళికలో మొట్టమొదటి పంక్తియే జాతీయ, అంతర్జాతీయ ప్రాముఖ్యముగల వర్తమాన సంఘటనలను గూర్చినది. తప్పు జవాబునకు ఆ ప్రశ్న మార్కులలో మూఁడవవంతు కోఁత పడును గావున, సగము తెలిసి సగము ఊహించువానికి నష్టమే. మన రాష్ట్రపు కమిషను 2023లోఁ బ్రకటించిన గ్రూపు-2 ప్రాథమిక పరీక్షయందును 150 మార్కులలో 30 ఈ భాగమునకే కేటాయింపఁబడినవి. తరువాతి ప్రధాన పరీక్షలో ‘ఎవరు, ఎప్పుడు’ అనుటకంటె ‘ఎందుకు, ఎట్లు’ అను ప్రశ్నలే హెచ్చు.

ఇఁక నొక చిన్న ప్రశ్నతో మన యభ్యాసమును మొదలు పెట్టుదము. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించిన తిరుత్తణి యే జిల్లాలోనిది? తిరుత్తణి మనకుఁ బొరుగూరు. ఆ మహనీయుఁడు బాల్యమునఁ దిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోఁ జదివినవారు. కావున సులభమైన ప్రశ్నయే యని తోఁచును. కాని జవాబు సంవత్సరమునుబట్టి మాఱును. ఆయన జన్మించిన 1888లో ఆ యూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా యేర్పడఁగా నిందుఁ జేరెను. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకుఁ బోయి చెంగల్పట్టు జిల్లాలోఁ గలిసెను. 1997లో నా జిల్లాను విభజింపఁగాఁ దిరువళ్లూరు జిల్లాలోని దాయెను. ఊరు కదలలేదు, గీఁతలు కదలినవి. ఆయన 1962లో రాష్ట్రపతి పదవి నలంకరించునాఁటికి, జన్మస్థల మాంధ్రప్రదేశ్‌ను విడిచి రెండేండ్లు.

ఈ గీఁత లేల కదలినవి? 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 దినముల నిరాహారదీక్షచేఁ బ్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. చిత్తూరు జిల్లా యాంధ్రమునఁ జేరినను, తెలుఁగును దమిళమును గలసి వినఁబడు మన సరిహద్దు గ్రామముల తగవు తీఱలేదు. తమిళుల పక్షమున మ.పొ. శివజ్ఞానము గారు ఉద్యమము నడపిరి. మధ్యవర్తిగా నియమింపఁబడిన హెచ్.వి. పాటస్కర్ గారు 1957లోఁ దీర్పు నిచ్చిరి. గ్రామమును గొలతగాఁ గొనుట, భూమి యెడతెగక కలిసియుండుట, అధికసంఖ్యాకుల భాష: ఈ మూఁడును ఆ తీర్పునకు ముఖ్యసూత్రములు. దానిననుసరించి పార్లమెంటు 1959లోఁ జట్టము చేయఁగా, తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతములు సుమారు 405 చదరపు మైళ్లు మద్రాసునకుఁ బోయెను. సత్యవేడు మొదలగు 326 చదరపు మైళ్లు మనకు వచ్చెను. నగరి యిటువైపున నిలిచెను. ఆనాఁడు గీఁత కొన్ని మైళ్లు జరిగియుండిన, మన పిల్లలు నేఁడు వేఱొక రాష్ట్రపు పాఠ్యపుస్తకములు చదువుచుందురు.

ఇది పాతకథ గదా, వర్తమాన మెట్లగు నని యడుగుదురేమో. బెలగావి విషయమై మహారాష్ట్ర కర్ణాటకములకు నడచు వివాదమును బత్రికలలోఁ జదువునపుడు పాటస్కర్ సూత్ర మను మాట మరల కనఁబడును. మహారాష్ట్రము కోరునది యా సూత్రమునే. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రములోని 13 జిల్లాలు 26 అయినపుడు, తిరుపతి వేఱు జిల్లా యాయెను; నగరి చిత్తూరు జిల్లాలోనే యుండి క్రొత్త రెవిన్యూ డివిజనునకుఁ గేంద్ర మాయెను. ఇక్కడ నొక మెలిక యున్నది. రాష్ట్రముల సరిహద్దులు మార్చు నధికారము రాజ్యాంగపు 3వ అధికరణము క్రింద పార్లమెంటునకుఁ గలదు. జిల్లాల సరిహద్దులను రాష్ట్రప్రభుత్వమే మార్పఁగలదు. మనకు దానికై 1974 నాఁటి జిల్లాల నిర్మాణ చట్ట మున్నది. ఈ భేద మెఱిఁగినవాఁడు జిల్లాల సంఖ్య యెన్నిమాఱులు మాఱినను దడఁబడఁడు.

మన కుశస్థలి సంగతి చూడుఁడు. తమిళులు దీనిని కొసస్థలై యాఱందురు. ఈ నీరు పోయి చేరునది 1944లోఁ గట్టిన పూండి జలాశయము. అది చెన్నపట్టణమునకు మంచినీరు. 2022 ఆగస్టులో, కార్వేటినగరము మండలమున నీ నదిపై రెండు జలాశయములు కట్టు తలంపును ఆక్షేపించుచు, తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ గారు అప్పటి మన ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన రెడ్డి గారికి లేఖ వ్రాసిరి. మన విద్యార్థులలోఁ బెక్కురకుఁ దెలుఁగును దమిళమును వచ్చును. అట్టివారు రెండు భాషల పత్రికలను ప్రక్కప్రక్కఁ బెట్టుకొని చదివినచో, ఎగువవాని పొలమునకు నీరు చాలదను మాటయు, దిగువవాని బిందె నిండదను మాటయు రెండును వినవచ్చును. ఢిల్లీలో వేలకువేలు రుసుము చెల్లించి చదువువానికి నిది దొరకదు. పిమ్మట రాజ్యాంగము తెఱువవలెను: నీరు రాష్ట్రజాబితాలో 17వ విషయము, అంతర్రాష్ట్ర నదులు కేంద్రజాబితాలో 56వది, తగవు వచ్చినపుడు 262వ అధికరణమును, 1956 నాఁటి చట్టమును. ఇంకొక విశేషము. 1983 నాఁటి తెలుఁగుగంగ యొప్పందము ప్రకారము, కృష్ణాజలములలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లు తలకు 5 టీఎంసీల చొప్పున చెన్నపట్టణమునకు వదలుకొనినవి. దారిలో 3 టీఎంసీలు ఆవిరి మొదలగువానికిఁ బోఁగా 12 మిగులవలెనని లెక్క. ఆ నీరు కండలేరునుండి కాలువ ద్వారా చేరునదియు నా పూండికే! ఒకే చెఱువు గట్టున తగవును సఖ్యమును గూర్చున్నవి.

ఇఁక మగ్గము. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చెను. కొంతకాలము కృత్రిమనూలుపై నూటికి 12, బట్టపై నూటికి 5 పన్ను నడచినది. వేయి రూపాయల నూలు కొన్నవాఁడు 120 రూపాయలు కట్టును. దానితో నేసిన బట్టను 1,500 రూపాయల కమ్మినఁ గొనువానినుండి వచ్చు పన్ను 75 మాత్రమే. తక్కిన 45 రూపాయలు చేతికి రాక నిలిచిపోవును. దానిని రాబట్టుకొనుటకు లెక్కలు, దరఖాస్తులు. (కూలికి నేయువాని లెక్క వేఱు, వానికి తగ్గునది పని.) దీనిని సరిచేయుటకని బట్టపైఁ బన్నును 2022 జనవరి 1 నుండి 12కు పెంపఁదలఁచి, ముందునాఁడు, అనఁగా 2021 డిసెంబరు 31న, మండలి యా నిర్ణయమును నిలిపివేసెను. తుదకు 2025 సెప్టెంబరు 22 నుండి నూలుపైఁ బన్నునే 5కు దించిరి. ఈ మండలి 279ఎ అధికరణముచే నేర్పడినది. అందుఁ గేంద్రపు వోటునకు మూఁడవవంతు బరువు, రాష్ట్రములన్నిటికిఁ గలిపి రెండువంతులు. నిర్ణయమునకు నాలుగింట మూఁడువంతులు కావలెను. కావునఁ గేంద్రము కాదన్నను, రాష్ట్రములన్నియుఁ గాదన్నను పని సాగదు. ఇంటిలో నాయన నూలు ధరనుగూర్చి విసుగుకొనుట వినిన పిల్లవానికి ఈ యధికరణము మఱపునకు వచ్చునా?

పద్ధతి యేమనఁగా, దినమునకు ముప్పావుగంట చాలును. పత్రిక కొనలేనివారు గ్రంథాలయమునకుఁ బోవచ్చును. సినిమాపుట చదువవలదనిన వినువారెవరు గనుక, దానిని చివర చదువుఁడని మాత్రము చెప్పుచున్నాము. నోటుపుస్తకమున నెడమపుటలోఁ దేదీతో వార్తను రెండు పంక్తులలో వ్రాయుఁడు. కుడిపుటను ఖాళీగా విడిచి, దాని చట్టము, దేశపటములో దాని చోటు, దాని పూర్వకథ దొరకినపుడెల్లఁ జేర్చుఁడు. అంకె వ్రాసినచో ప్రక్కన సంవత్సరము తప్పక వ్రాయుఁడు. మన పుస్తకములలోని జనాభా యంకెలు 2011 నాఁటివి. 2021లో జరుగవలసిన గణనము జరుగలేదు. 2027 మార్చి 1ని గణన తేదీగా నిర్ణయించుచు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. సంవత్సరము లేని యంకె పరీక్షలో శత్రువు.

భాషనుగూర్చి తల్లిదండ్రులడుగు ప్రశ్న యొకటి మిగిలినది. 1922కు ముందు ఐ.సి.ఎస్. పరీక్షకై లండనునకుఁ బోవలసియుండెను. ఆ కష్టము తీఱి నూఱేండ్లు దాఁటినది. కాని సివిల్ సర్వీసు ప్రాథమిక పరీక్షాపత్రము హిందీలోను నింగ్లీషులోను మాత్రమే యుండును. ప్రధాన పరీక్షను తెలుఁగులో వ్రాయవచ్చును. శ్రీకాకుళం జిల్లాకుఁ జెందిన ప్రభుత్వ పాఠశాలోపాధ్యాయుఁడు రోణంకి గోపాలకృష్ణ గారు తెలుఁగు సాహిత్యమును ఐచ్ఛిక విషయముగాఁ గొని, తెలుఁగుననే వ్రాసి, 2016 నాఁటి పరీక్షలో దేశమున మూఁడవ స్థానము నందిరి. అందుచేఁ దెలుఁగు విడువనక్కఱలేదు. ఇంగ్లీషు మాటను ప్రక్కనఁ జేర్చుకొనవలెను. ‘అధికరణము’ అను చోట ‘ఆర్టికల్’ అనియు, ‘రాజ్యాంగ సవరణ’ అను చోట ‘కాన్‌స్టిట్యూషనల్ అమెండ్‌మెంట్’ అనియు నా కుడిపుటలోనే వ్రాసికొనుఁడు. సివిల్ సర్వీసు పరీక్షకుఁ గనీసపు వయస్సు 21 ఏండ్లు. పదియవతరగతిలో మొదలుపెట్టి, యేఁటికొక పుస్తకము చొప్పున నింపినవాని కప్పటి కాఱు నోటుపుస్తకము లుండును.