నవజాత శిశువు జీర్ణకోశ లోపములు – పంచాయతీ కర్తవ్యము

గర్భస్థ శిశువు ఉమ్మనీటిని మ్రింగుచుండును. అన్నవాహికగాని, చిన్న ప్రేగు మొదటి భాగముగాని మూసికొనిపోయినచో ఆ నీరు ముందుకు సాగక గర్భమున అధికము కావచ్చును. చిన్న ప్రేగు మొదట మూసికొనిన శిశువు ఉదరమున రెండు నల్లని బుడగలు అల్ట్రాసౌండు పరీక్షలో అగపడును. ఈ పరీక్షను 18–20 వారములకు చేయింపవలెను. అయినను కొన్ని లోపములు పిదపనే బయటపడును. మలద్వారము లేకుండుట తరచుగా పుట్టిన తరువాతనే తెలియును.

కావున పరీక్షలో లోపమేమియు కనబడలేదని ఏమరుపాటు తగదు. పుట్టినవెంటనే మలద్వారమును చూడవలెను. శిశువు ఆకుపచ్చని వాంతి చేసికొనినను, నోట నురుగు క్రమ్ముచున్నను పాలు పట్టరాదు. ఈ లక్షణములు కనిపించినను, 24 గంటలలో మలవిసర్జన కాకున్నను తక్షణమే 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో రోగగ్రస్తులైన నవజాత శిశువులకు చికిత్స, రవాణా ఉచితములు. ఖర్చునకు వెరచి ఏ కుటుంబమును ఆలస్యము చేయకుండ చూచుట పంచాయతీ సభ్యుల విధి.