రంగు పడని సైన్యం

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. రంగులు వేసుకుని ఆడే వార్‌హామర్ యుద్ధపు ఆట బొమ్మలు పెట్టెలకు పెట్టెలు కొన్నాను. ఇప్పుడు బ్రష్ పట్టబుద్ధి కావడం లేదు. అమ్మేయమంటారా?

జవాబు: తొందరపడకండి. మీకు ముఖం మొత్తింది ఆట మీద కాదు, రంగు పడని ఆ గుట్ట మీద అని నా నమ్మకం. దాన్ని కంటికి కనబడకుండా దాచి, ఐదు బొమ్మలే బల్ల మీద ఉంచండి. నల్ల ప్రైమర్ వేసి, ఆరాక పైనుంచి తెల్లది పలచగా కొట్టండి. దానిమీద కాంట్రాస్ట్ రంగు ఒక్క పూత చాలు: మడతల్లోకి చిక్కగా దిగి, అంచుల్లో లేతగా నిలుస్తుంది. వార్‌హామర్‌లోనే చిన్న ఆట అయిన కిల్ టీమ్ ఆడటానికి గుప్పెడు బొమ్మలు సరిపోతాయి. 1913లో బొమ్మ సైనికుల ఆట గురించి ‘లిటిల్ వార్స్’ పుస్తకం రాసిన నవలాకారుడు హెచ్.జి. వెల్స్ కూడా స్ప్రింగు ఫిరంగులు పెట్టుకుని నేల మీద మిత్రులతో ఆడినవారే. ముందు ఒక మిత్రుడికి ఫోన్ చేసి ఆదివారం ఆటకు రమ్మనండి.