చివరి కార్డు ఖరీదు ఎంత?

పేక ముక్కలు మనకు తెలుసు. 52 ముక్కలూ ఒకే పెట్టెలో వస్తాయి. కొన్ని ఆటల కార్డులు అలా దొరకవు. మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు. లోపల ఏ బొమ్మ ఉందో కొని విప్పితేనే తెలుస్తుంది.

ఇలాంటి ఆట అమెరికాలో 1993లో వచ్చింది. పేరు 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. తయారు చేసినాయన రిచర్డ్ గార్‌ఫీల్డ్. లెక్కల్లో పెద్ద చదువు చదివినవాడు. 1996లో జపానులో పోకెమాన్ కార్డులు వచ్చాయి. ఇప్పుడవి మన దేశంలోనూ అమ్ముతున్నారు.

మ్యాజిక్ ప్యాకెట్టులో చాలా ఏళ్లు 15 కార్డులు ఉండేవి. అందులో 11 మామూలువి. 3 తక్కువగా దొరికేవి. 1 మాత్రం అరుదైనది. ఆ ఒక్కదాని కోసం మళ్లీ మళ్లీ కొనేవాళ్లు ఉన్నారు. కొందరు మాత్రం కాగితం, కలం పట్టారు. ఎన్ని ప్యాకెట్లు విప్పాం? ఏ కార్డు ఎన్నిసార్లు వచ్చింది? అంతా రాసుకున్నారు.

మనమూ ఆ పని చేసి చూద్దాం.

చేసి చూడండి

1. పది చీటీల మీద 1 నుంచి 10 వరకు అంకెలు రాయండి. మడిచి చెంబులో వేయండి.
2. చూడకుండా ఒక చీటీ తీయండి. ఆ అంకె పక్కన ఒక గీత గీయండి.
3. చీటీ మళ్లీ చెంబులో వేసి కలపండి.
4. పది అంకెలూ వచ్చేదాకా తీయండి. మొత్తం గీతలు లెక్కపెట్టండి.

పది అంకెలు కదా, పది సార్లు తీస్తే చాలనుకుంటాం. చాలదు. ఒకసారి 20కే అయిపోవచ్చు. ఇంకోసారి 40 దాటవచ్చు. ఎన్నోసార్లు ఆడితే సగటు 29 దాకా వస్తుంది.

సగటు అంటే ఏమిటి? ముగ్గురికి 24, 30, 33 వచ్చాయనుకుందాం. మొత్తం 87. మూడు సమాన పాళ్లు చేస్తే 29. అదే సగటు.

ఒక్కో చీటీ 10 రూపాయల ప్యాకెట్టు అనుకోండి. 100 రూపాయలు చాలనుకున్నాం. సగటున 290 అయింది!

ఎందుకిలా?

మొదటి 5 అంకెలు ఆరేడు సార్లలోనే వస్తాయి. తర్వాతే కష్టం. 9 వచ్చాక కావలసింది ఒక్కటే. తీసిన ప్రతిసారీ పాతది వచ్చే వీలే ఎక్కువ. ఆ చివరిదానికే సగటున 10 ప్యాకెట్లు కావాలి. అంటే 100 రూపాయలు.

"ఇన్నిసార్లు రాలేదు, ఈసారి తప్పక వస్తుంది" అంటారు పిల్లలు. చెంబుకు జ్ఞాపకం ఉండదు. పదో సారి కూడా మొదటిసారి లాంటిదే.

మన చెంబులో అన్ని అంకెలూ సమానం. అరుదైన కార్డుకైతే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

మరేం చేయాలి? పిల్లల్ని కొట్టకండి, తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని చీటీలు తీయించండి. రెండుసార్లు వచ్చిన కార్డుల్ని స్నేహితులతో మార్చుకోమనండి. ఖర్చు తగ్గుతుంది, ఆటా సాగుతుంది.

ప్రశ్నలు

1. మీకు ఎన్ని గీతలు వచ్చాయి? మీ పక్కవారికి ఎన్ని?
2. మీ కేంద్రంలో అందరి సగటు ఎంత?
3. లోపల ఏముందో తెలియకుండా మనం ఇంకేం కొంటున్నాం?