అనుమంద్రం దగ్గర ముల్లు ఎందుకు ఆగదు?

ప్రశ్న: మా అమ్మాయి వీణ మూడు శ్రుతిలో పెట్టుకుంటుంది. ఆన్‌లైన్ ట్యూనర్‌లో సారణి చక్కగా చూపిస్తోంది. అనుమంద్రం మీటితే మాత్రం ముల్లు ఆగడం లేదు. తీగ మార్చాలా?

జవాబు: తీగ మార్చనక్కర్లేదండీ. మూడు శ్రుతిలో సారణి షడ్జం సెకనుకు దాదాపు 165 కంపనాలు, అనుమంద్ర పంచమం 62 మాత్రమే. ఫోన్ మైకు మాటల కోసం చేసింది. అంత కింది నాదాన్ని సరిగా అందుకోలేక, అదే తీగలోంచి వచ్చే పై స్థాయి స్వరాన్ని పట్టుకుంటుంది. అందుకే ముల్లు గెంతుతుంది.

ఫోన్‌ను కుండ దగ్గర పెట్టండి. ఫ్యాను, తంబుర పెట్టె ఆపండి. మిగతా తీగల మీద అరచెయ్యి ఆనించి, గోరు తగలకుండా వేలి కొసతో మెల్లగా మీటమనండి. మీటగానే స్వరం కాస్త పైకి ఉంటుంది కాబట్టి, ఒక్క క్షణం ఆగి చూడాలి. బిరడాను ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ తెస్తే తీగ నిలబడుతుంది.

ఇంకో సంగతి. ట్యూనర్ చూపే పంచమం పియానో లెక్క. మన పంచమం షడ్జానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, అంటే పియానో పంచమం కన్నా రెండు సెంట్లు ఎక్కువ. చిన్న తేడానే, కానీ తంబుర పక్కన చెవికి తెలుస్తుంది. ట్యూనర్‌తో సారణి ఒక్కటే పెట్టుకుని, మిగిలినవి తంబుర వింటూ అమ్మాయినే కలపనివ్వండి. మొదట్లో అరగంట పట్టినా తొందరపెట్టకండి.